వేడి తెలియని చెయ్యి

మా డాక్టరమ్మ పోయారన్న సంగతి నాకు పోయిన మంగళవారం బత్తలపల్లిలో బస్సు దిగుతుండగా తెలిసింది. పూలమ్మే ఆమె నన్ను గుర్తుపట్టి, "ఏం సిస్టరమ్మా, మీ సుత్తి డాక్టరమ్మ పోయినాదంట గదా" అంది. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తూనే వెళ్లిపోయారట. బస్టాండు అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటేనే నవ్వూ వచ్చింది. ఆమెకు ఎన్ని డిగ్రీలున్నా మా జిల్లా ఇచ్చిన బిరుదు మాత్రం ఆ 'సుత్తి' ఒక్కటే. ఒకే ప్రశ్న పది రకాలుగా అడిగి విసిగించే మనిషి కాబట్టి, రెండో అర్థంలో కూడా ఆ పేరు ఆమెకు సరిపోయేది.

డెబ్బైల నడుమ ఆమె గుంటూరు వైపు నుంచి అనంతపురం వచ్చి చిన్న ఆసుపత్రి పెట్టారు. చదివింది మెదడు, వెన్నుపాము జబ్బులు. నేను అందులో నర్సుగా చేరాను. ఇప్పటిలా స్కానింగులు లేవు. తలలో గడ్డ ఉందో, వెన్నులో నీరు చేరిందో చూడడానికి ఆమె దగ్గరున్నవి రబ్బరు తల సుత్తి, గుండుసూది, దూది, రెండు గాజు గొట్టాలు, ఒక డబ్బా నిండా చెనక్కాయలు. చెనక్కాయలు తినడానికి కాదు. రోగి చేతిలో నాలుగు పెట్టి ఒలవమనేవారు. వేళ్లు ఎలా కదులుతున్నాయో చూసి, ఒలిచిన పప్పులు మాత్రం తనే తినేవారు.

ఇంకో అలవాటు చెప్పుల పరీక్ష. రోగిని లోపల కూర్చోబెట్టి, తాను బయటికి వెళ్లి గుమ్మం ముందు విడిచిన చెప్పులు తిప్పి చూసేవారు. ఒకసారి తాడిపత్రి నుంచి బండలు పాలిష్ పట్టే ఆయన నడుమునొప్పితో వచ్చాడు. ఆమె చెప్పు పట్టుకుని లోపలికొచ్చి, "ఎడమకాలు ఈడుస్తున్నావు, ఎన్నాళ్లయింది?" అని గద్దించారు. ఆయన బిత్తరపోయి, "అవి నావి గాదమ్మా, మా బామ్మర్దివి" అన్నాడు. తోడుగా వచ్చిన బామ్మర్ది చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి చెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు. పిలిపించి సుత్తితో చూస్తే వెన్నులో గడ్డ ఉన్నది అతనికి. నడుమునొప్పి ఆయనకు ఉత్త నడుమునొప్పే. ఆ బామ్మర్ది ఆపరేషన్ తర్వాత పదేళ్లు ప్రతి ఉగాదికీ కొత్త చెప్పులు వేసుకొచ్చి చూపించి పోయేవాడు.

కానీ నాకు ఆమెను తలచుకుంటే ముందు గుర్తుకొచ్చేది ధర్మవరంలో పట్టుకు రంగులేసే ఆయన. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడిచెయ్యి తువాలు కింద దాచుకుని వచ్చాడు. పక్కన భార్య. ఆమే గొంతు తగ్గించి చెప్పింది.

"పెద్దరోగమంటాండారమ్మా ఊర్లో."

మా వైపు కుష్టును అలాగే అంటారు. చేతి మీద మానని పుండ్లు, కాలిన మచ్చలు. వేళ్ల కొసలు అరిగి, బొటనవేలి కింద కండ కరిగిపోయి ఉంది. నేను కూడా అదేననుకున్నాను.

అసలు కథ అంతకు నాలుగేళ్ల ముందే మొదలైంది. రంగు కాగే కాగులో పట్టు చిలపలు ముంచి తిప్పాలంటే అందరూ కర్రలు వాడతారు. చిలప అంటే చుట్టిన దారపు కట్ట. ఈయన మాత్రం మరిగే నీళ్లలో చెయ్యి పెట్టి తిప్పడం మొదలుపెట్టాడట. వీధంతా మురిసిపోయింది. 'ఆయప్ప చేతికి నిప్పంటదు, అమ్మవారి వరం' అని చుట్టాలొస్తే పిలుచుకొచ్చి చూపించేవాళ్లు. ఆయన కూడా చొక్కా చేతులు మడిచి ఒకటికి రెండుసార్లు ముంచి చూపించేవాడు. బొబ్బలు పుండ్లయ్యాక అదే వీధి మాట మార్చింది. పనివాళ్లిద్దరూ మానేశారు. రంగులోంచి తీసిన తడి చిలపను ఇద్దరు చెరో కొస పట్టి పిండాలి. అటు కొస పట్టడానికి భార్య తప్ప ఎవరూ రావడం లేదు. పట్టు ఇచ్చే షావుకార్లు కూడా ఇక వద్దన్నారు. ఇంకో నెల ఇలాగే పోతే ఊరు విడిచిపోవాలని ఇద్దరూ అనుకుని, ఆఖరి ప్రయత్నంగా మా దగ్గరికి వచ్చారు.

"నొప్పుందా?" అని డాక్టరమ్మ అడిగారు.

"నొప్పే లేదమ్మా. ఆ మాటకొస్తే చెయ్యి బంగారట్లా ఉండాది."

ఆమె నా వైపు చూశారు. నాకు రోజూ చెప్పే మాటే: నొప్పి ఉందన్నవాణ్ణి పది నిమిషాలు చూడు, లేదన్నవాణ్ణి గంట చూడు. ఆ రోజు నిజంగానే గంట చూశారు. కళ్లకు తువాలు కట్టి, ఒక గొట్టంలో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు పోసి చేతికి ఆనించారు. "రెండూ ఒకటే" అన్నాడు. సూదితో పొడిస్తే, "వేలు పెట్టినారు" అన్నాడు. దూది ఆనించీ ఆనించకముందే, "దూది" అన్నాడు. డాక్టరమ్మ ముఖం వెలిగింది. భార్య కొంగుముడిలో ఉన్న పట్టుపోగులు అడిగి తీసుకుని, ఒక్కొక్కటే ఆయన వేళ్ల మధ్య పెట్టారు.

"ఇది పడుగు. ఇది పేక. ఇది..." అని కాసేపు నలిపి చూసి, "ఇది మా ఇంట్లోది గాదు. ఎవురిచ్చినారే నీకు?" అని భార్యను అడిగాడు.

"పక్కింటామె చూడమని ఇచ్చినాది" అంది ఆమె సిగ్గుపడుతూ.

డాక్టరమ్మ పగలబడి నవ్వారు. తర్వాత సుత్తి తీశారు. మోచేతి దగ్గర కొడితే ఉలుకూ పలుకూ లేదు. మోకాలి మీద కొడితే కాలు ఎగిరి నా చేతిలో ట్రే కింద పడింది. వేడి, నొప్పి తెలియని చోటంతా కొలిస్తే రెండు భుజాల మీద శాలువా కప్పినంత మేర ఉంది.

"ఇది పెద్దరోగం కాదమ్మా" అని భార్యకు చెప్పారు. "అదైతే దూది కూడా తెలియదు, మోకాలు ఇలా ఎగరదు. మెడ దగ్గర వెన్నుపాము మధ్యలో బొరియలాగా పడి నీరు నిండుతోంది. వేడినీ నొప్పినీ మోసే నరాలు ఆ మధ్యలోంచే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటాలి. అవి తెగాయి. స్పర్శ వేరే దారిన పోతుంది కాబట్టి మిగిలింది. ఒకవేళ పెద్దరోగమే అనుకో, దానికీ మందుంది. మనిషిని దూరం పెట్టడమెందుకు?"

"మరి అమ్మవారిచ్చిన వరం?" అంది ఆమె.

"వరం కాదు తల్లీ. జబ్బు అదే."

ఆయన కళ్లకు కట్టిన తువాలు విప్పుకుని చాలాసేపు చేతిని చూసుకున్నాడు. "నాలుగేండ్లు దీన్ని చూసి గర్వపడినాను గదమ్మా" అన్నాడు. పెద్దరోగం కాదని తేలినప్పుడు రాని నీళ్లు ఆ మాట అన్నప్పుడు కళ్లలో తిరిగాయి.

బెంగళూరులో పెద్దాసుపత్రికి రాసి పంపారు. అక్కడ వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తామంటే, "నేను ఇన్నేండ్లు పట్టుకు రంగేసినా, నాకే రంగేస్తారా? ఏం రంగప్పా?" అని అడిగి వార్డంతా నవ్వించాడట. డాక్టరమ్మ చెప్పిన చోటే ఉంది బొరియ. ఆపరేషన్ అయింది. జబ్బు ఆగుతుంది కానీ పోయిన వేడి తిరిగి రాదని ఆమె ముందే ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇకనుంచి వేడి నీ భార్య చెబుతుంది, రంగు నువ్వు చూసుకో" అన్నారు. ఆయనకది మింగుడుపడలేదు. భార్యకు మాత్రం బాగా నచ్చింది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం వెళ్లారు. పుండ్లు మానాయి, ఒక షావుకారు కొంచెం పట్టు ఇచ్చాడు. అంటురోగం కాదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం గోడకు అంటించి ఉంది. అయినా వీధిలో వాళ్లు ఎదురరుగుల మీద నుంచే పలకరిస్తున్నారు తప్ప గడప దాటలేదు. భార్య మాకు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఆయన కర్రతో ఎత్తి చన్నీళ్లలో జాడించిన కుంకుమరంగు చిలప చేతికొచ్చింది. వెంటనే పిండకపోతే రంగు చారలు కడుతుంది.

డాక్టరమ్మ చేతిసంచి నాకిచ్చి, కొంగు బిగించి, అటు కొస పట్టుకున్నారు. గట్టిగానే తిప్పారు. ఆయన ఎటు తిప్పితే ఈమె కూడా అటే తిప్పడంతో చిలప గిరగిరా తిరిగిందే గానీ చుక్క నీరు కారలేదు. తెల్లచీర మీద మాత్రం ఎర్రటి చారలు పడ్డాయి. ఆమె ఇంకా పట్టుదలగా తిప్పుతున్నారు. ఎదురరుగు మీద, పని మానేసిన ఇద్దరిలో ఒకతను లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"అట్ల గాదమ్మా. పట్టు చెడిపోతాది. నువ్వు ఇటు రా, ఈడ ఇయ్యి" అంటూ వీధి దాటి వచ్చి, ఆమె చేతిలోంచి కొస లాక్కున్నాడు. ఆయన వైపు చూసి, "ఏమన్నా, నువ్వన్నా చెప్పొద్దా ఆయమ్మకు?" అని కసిరాడు.

ఈయన ఒక వైపుకు, అతను రెండో వైపుకు మెలితిప్పారు. బిగిసిన చిలపలోంచి ఎర్రనీళ్లు ఇద్దరి పాదాల మధ్య ధారగా కారాయి.