మంచి నడవడికకు తాసీల్దారు సంతకం

చెన్నపట్నంలో బి.ఏ. పూర్తిచేసి నర్సీపట్నం వచ్చిన మరుసటి ఏడాది నేను సీమచదువుకు దరఖాస్తు పెట్టాను. నాది వృక్షశాస్త్రం. స్కాట్లండులో ఒక విశ్వవిద్యాలయం మన దేశపు పట్టభద్రులను పరిశోధనకు చేర్చుకుంటోందని మా ప్రొఫెసరుగారు చెప్పారు. వాళ్ళు అడిగినవి పట్టా నకలు, ఇద్దరు ఆచార్యుల సిఫారసులు, సొంతంగా చేసిన పని ఏదైనా ఒకటి, ఇవికాక మంచి నడవడిక కలవాడినని మా ప్రాంతపు అధికారి సంతకం చేసిన కాగితం. ఆ చివరిది అన్నిటికన్నా సులువనుకున్నాను. మా నాన్న బోర్డు స్కూల్లో మేస్టారు. తాసీల్దారుగారి పిల్లలు ఆయన దగ్గరే చదువుకున్నారు.

సొంత పని కోసం ఆ శీతాకాలమంతా కొండల్లో తిరిగి మొక్కలు సేకరించాను. ఒక కొండమనిషి నన్ను వెంటబెట్టుకుని తిప్పాడు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడేమో, మాటలు తక్కువ. నాకు చలిజ్వరం వస్తే వాళ్ళ ఇంట్లోనే పడుకోబెట్టి, వాళ్ళావిడ గంజి కాచి పోసింది. తెచ్చిన ఆకులూ పూలూ పాత కాగితాల మధ్య పెట్టి, పైన బండరాళ్ళు ఎత్తి, మా వెనక గదినిండా ఆరబెట్టాను.

ఆ తరవాతి వానాకాలం కొండల మీద అలజడి రేగింది. తిరగబడ్డవాళ్ళు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయారన్నారు. వారం తిరక్కముందే ఊరు పోలీసులతో నిండిపోయింది. మన భాష రాని సిపాయిలు. సావిట్లో కూర్చున్నా వీధిలో బూట్ల చప్పుడు వినపడేది. పొద్దు వాలకుండానే తలుపులు మూసుకునేవాళ్ళు.

నేను కాగితం కోసం తాలూకా కచేరీకి వెళ్ళాను. తాసీల్దారుగారు నా ముఖం చూడకుండానే మాట్లాడారు.

“ఇదివరకైతే ఇప్పుడే రాసిచ్చేసేవాణ్ణి బాబూ. ఇప్పుడలా కాదు. పోలీసువారు విచారించి సరే అనాలి. ఇంటికెళ్ళు.”

రెండ్రోజుల తరవాత ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చాడు. దక్షిణాది జిల్లాల మనిషి, మర్యాదస్తుడు. నాన్న వేసిన కుర్చీలో కూర్చోకుండా నేరుగా వెనక గదిలోకి నడిచాడు. ఒక కాగితం మడత విప్పి, ఎండిన కొమ్మ నొకదాన్ని వేళ్ళతో పట్టుకున్నాడు. అది పొడిపొడిగా రాలిపోయింది.

“ఇవన్నీ కొండ మీదవేనా?”

“అవునండీ.”

“అయితే దారులన్నీ మీకు తెలుసన్నమాట.”

“నన్ను ఒక మనిషి తీసుకెళ్ళాడండీ. ఒక్కణ్ణే వెళ్తే నాకు దారి తెలీదు.”

“ఆ మనిషెవరో చెప్పండి. లేదా మా దళంతో మీరే రండి, రెండు మూడు గ్రామాలు చూపిద్దురుగాని. మీ కాగితం మీద సంతకం అవుతుంది. చదువుకోవాల్సినవారు, ఆలోచించుకోండి.”

ఆయన గొంతులో బెదిరింపు లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఆయన వెళ్ళాక నాన్న రాలిన ఆకుముక్కలు ఏరి కాగితంలో మడిచారు. నన్ను సీమకు పంపాలని నాకన్నా ఎక్కువ కలలు కన్నది ఆయనే. చివరికి, “ఏటి సేద్దామనుకుంటున్నావురా?” అన్నారు.

నేను జవాబు చెప్పేలోగా అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

“సేసేదేటుంది? జొరమొస్తే గంజి పోసిన ఇల్లది. ఆ ఇంటి మీదకి తుపాకులోల్లని తోలుకెల్తాడేటి మన పిల్లోడు?”

నాన్న తల దించుకున్నారు. “నాను ఎల్లమనలేదే” అన్నారు మెల్లిగా.

నేను వెళ్ళలేదు. పేరూ చెప్పలేదు. మళ్ళీ ఎవరూ అడగనూ లేదు. కాని ఆ మర్నాటి నుంచి మా ఎదురింటి అరుగు మీద ఒక కానిస్టేబులు కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను బయటికి వెళితే లేచి, చుట్ట ఆర్పి, వెనకాలే వచ్చేవాడు. నాన్న దగ్గర ప్రైవేటు చదువుకునే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. పక్కింటావిడ అమ్మతో గోడ మీంచి మాట్లాడటం మానేసింది.

అలాంటి రోజుల్లో ఒకనాడు సంతకు వెళ్ళాను. చింతపండు బుట్టల వరస చివర, నన్ను కొండల్లో తిప్పిన మనిషి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. చెయ్యి ఎత్తబోయాడు. నా వెనక కానిస్టేబులు ఉన్నాడు.

నేను ఆగలేదు. ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి, అతని బుట్టను రాసుకుంటూ ముందుకు నడిచాను. అతని చెయ్యి సగంలో ఆగి, తలపాగా సర్దుకుంటున్నట్టు పైకి వెళ్ళింది. అర్థమైంది అతనికి. నాలుగంగలు వేసి ఉప్పు కొట్టు దగ్గర నిలబడి బేరం ఆడాను. ఎంత కొన్నానో గుర్తులేదు. కానిస్టేబులు నా పక్కకు వచ్చి, “ఎవుడండీ ఆడు? మీకేసి సూసేడు” అన్నాడు.

“ఎవరు?” అన్నాను.

కానిస్టేబులు వెనక్కి తిరిగి చూశాడు. చింతపండు వరస చివర అప్పటికి బుట్ట ఒక్కటే ఉంది, మనిషి లేడు.

తాసీల్దారుగారి సంతకం రాలేదు, ఆయన కాదనీ అనలేదు. వెళ్ళినప్పుడల్లా “ఇంకా పైనుంచి రాలేదు బాబూ” అనేవారు. స్కాట్లండు నుంచి జాబు వచ్చింది. నా పని బాగుందనీ, నడవడిక పత్రం లేనందువల్ల ఆ సంవత్సరానికి తీసుకోలేమనీ మర్యాదగా రాశారు. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఆల్ల తప్పేటుంది” అన్నారు. ఆ తరవాత మా ఇంట్లో సీమ మాట ఎవరూ ఎత్తలేదు. నేను కోటవురట్లలో మేస్టారుగా చేరాను.

అలజడి అణిగి, సిపాయిలు వెళ్ళిపోయాక కొండవాళ్ళు మళ్ళీ సంతకు రావడం మొదలుపెట్టారు. సెలవులకు వచ్చినప్పుడల్లా చింతపండు వరసలో వెతికేవాణ్ణి. ఒకసారి వాళ్ళ ఊరి ముసలామె కనిపిస్తే పక్కన కూర్చుని, ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగాను.

“మా ఊరు నేదిప్పుడు. సిపాయిలు కాల్సేసినారు” అంది.

“మరి అతను?”

ఆమె నా చొక్కా వైపూ, చెప్పుల వైపూ చూసింది.

“నాకేటి తెల్దు బాబూ” అని, అమ్మకం సగంలో ఉండగానే బుట్ట నెత్తిన పెట్టుకుని లేచిపోయింది.