ఏ లైఫ్?

2004 వేసవిలో నాచారంలోని మా ప్రయోగశాలలో గామా విభాగం బాధ్యత నాకు అప్పగించారు. నా కింద ఇద్దరే: ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు యాదగిరి, మేడిపల్లి నుంచి బస్సులో వచ్చే పరిశోధక విద్యార్థిని సరిత.

ఉత్తేజిత స్థితిలో పరమాణు కేంద్రకం ఎంతసేపు నిలుస్తుందో కొలవడం మా పని. ఆ స్థితిలోకి దిగేటప్పుడు ఒక గామా కిరణం, వదిలేటప్పుడు ఇంకొకటి వెలువడతాయి. మొదటిదాన్ని పట్టిన డిటెక్టరు గడియారాన్ని నడిపిస్తుంది, రెండోదాన్ని పట్టింది ఆపుతుంది. అలాంటి వ్యవధులు లక్షల్లో పోగుచేసి గీస్తే ఏటవాలు గీత వస్తుంది. ఆ వాలే ఆయుష్షు చెబుతుంది. అంతా నానోసెకన్ల వ్యవహారం, సెకనులో వందకోట్లవ వంతు.

సరిత థీసిస్‌కు కావలసిన నమూనా రియాక్టరు నుంచి వచ్చింది. దాని రేడియోధార్మిక చురుకు రోజురోజుకీ తగ్గిపోతుంది. మళ్లీ కావాలంటే నెలల తరబడి వరుసలో ఉండాలి. అయినా ముందు, విలువ తెలిసిన హాఫ్నియంతో పరికరాన్ని పరీక్షించాకే నమూనా పెట్టాలన్నది నా నియమం. నియమం మంచిదే. అందులో లైఫ్ దాదాపు పదకొండు నానోసెకన్లు రావాలని చెప్పాను. ఆమెకు పదిహేనున్నర వచ్చింది.

కేబుళ్లు మార్పించాను. అంతే వచ్చింది. డిటెక్టర్లు మార్పించాను. మళ్లీ అంతే. కరెంటు హెచ్చుతగ్గులని పక్క ఫ్యాక్టరీ మోటార్లను తిట్టాను, మౌలాలి వైపు రైలింజన్లనూ వదల్లేదు. చివరికి విసుగంతా సరిత మీదికి తిరిగింది. ఉప్పల్లో రేడియోలు బాగుచేసేవాడైనా ఇంతకన్నా నయమని అందరి ముందూ అన్నాను. యాదగిరి స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, "సార్, ఇగ మార్చనీకి మనుషులే మిగిలిన్రు," అన్నాడు. నేను నవ్వలేదు.

నమూనా సీసపు డబ్బాలో చల్లారుతూనే ఉంది. ఒక ఉదయం సరిత బోర్డు దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది.

"సార్, మీరు చెప్పే లైఫ్ ఏ లైఫ్?"

మా విభాగంలో అర్ధాయువునీ, సగటు ఆయువునీ కూడా లైఫ్ అనే అనేవాళ్లం. సగం కేంద్రకాలు పోవడానికి పట్టే కాలం అర్ధాయువు. అన్నీ కలిపి సగటున బతికే కాలం రెండోది. మొదటిది రెండోదానిలో డెబ్బై శాతానికి కాస్త తక్కువ. నా బుర్రలో ఉన్న పదకొండు అర్ధాయువు. వాలు నుంచి ఆమె తీసిన పదిహేనున్నర సగటు ఆయువు. పరికరం మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉంది.

ముందే అడగొచ్చు కదమ్మా అన్నాను.

"అడిగిన సార్. కేబుల్ మార్చమన్నరు."

ఆరోజే నమూనా పెట్టించాను. వచ్చిన సంకేతం పరిసరాల రొదలో కలిసిపోయింది. మళ్లీ రియాక్టరు వంతు రాకముందే ఆమె ఫెలోషిప్ గడువు ముగిసింది. ఆ కొలతను వేరేవాళ్లు ప్రచురించారు. సరిత థీసిస్‌లో ఆ అధ్యాయం లేదు.

ఆ తర్వాత విభాగంలో వట్టి 'లైఫ్' అన్న మాట ఎవరినీ వాడనివ్వలేదు. తెలిసిన విలువతో కొలత సరిపడకపోతే, ముందుగా పరీక్షించాల్సింది ఆ విలువ తెలుసనుకునే మనిషిని. కేబుళ్ల సంగతి తర్వాత.