సంతాప సభలో మా సార్

మా సార్ పోయారు. మంగళవారం పొద్దున తార్నాకలో ఇంటి ముందు పేపర్ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఫోన్ చేసి చెప్పిన కొడుకు కంటే నేనే ఎక్కువ ఏడ్చాను. అందుకు సిగ్గేమీ లేదు, నాకు మాట్లాడటం నేర్పింది ఆయనే.

మీలో ఆయన దగ్గర చదివినవాళ్లుంటే తెలుస్తుంది, యూనివర్సిటీలో ఆయన క్లాసంటే కుస్తీ గోదానే. వాదనకు దిగినవాడు ముందు అవతలివాడి వాదన చెప్పాలి. వాడు "అవును, నేననేది అదే" అని తల ఊపాకే మనది మొదలుపెట్టాలి. తొందరపడ్డామా, సుద్దముక్క వచ్చి తగిలేది. "ఏందిరా ఆగమాగం? ఆయన తల ఊపిండా? ఊపినంకనే నీ ముచ్చట" అనేవారు.

ఈ ఆటలో మమ్మల్నందరినీ మట్టికరిపించినవాడు నా క్లాస్‌మేట్ ఒకడు. ఊళ్లో వ్యవసాయం, సీతాఫల్‌మండిలో అద్దె గది. ఎదుటివాడి మాటను వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత తునాతునకలు చేసేవాడు. విద్యార్థి నాయకుడయ్యాడు. ఒకరోజు గదిలో బట్టలన్నీ అట్లాగే వదిలేసి అడవిబాట పట్టాడు. చూస్తుండగానే దళ కమాండర్, ఆ తర్వాత ఆ సాయుధ పార్టీకే నాయకుడు. వాడి పేరు వింటే కొందరికి పూనకం, కొందరికి వణుకు. సార్ మాత్రం అనేవారు: "తెలివిగల్లోడే. కానీ తుపాకి పట్టినంక ఎదుటోడు భయానికే తల ఊపుతడు. అది లెక్కకు రాదురా."

కిందటేడు వాడు ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. క్యాంపస్‌లో విద్యార్థులు సంతాప సభ పెట్టి, రిటైరైన సార్‌ను కూడా పిలిచారు. "వద్దు సార్. పొగిడితే పోలీసులు, తిడితే పిల్లలు" అన్నాను. "రెండు జేస్త తియ్యి" అని నా బండెక్కి కూర్చున్నారు.

వాడి తల్లి ముందు వరుసలో ఉంది. సార్ ముందు వాడి మాట చెప్పారు. అడవి భూముల్లోంచి వెళ్లగొట్టిన కుటుంబాల గురించి, వాడికి కోపం ఎక్కడ మొదలైందో, వాడే వచ్చి నిలబడ్డట్టు చెప్పారు. చప్పట్లు మోగాయి. తల్లి తల ఊపింది. అది చూశాక సార్ గొంతు సవరించుకున్నారు.

"ఇగ నా మాట. ఇన్‌ఫార్మర్ అని చెప్పి మనోడు ఒక సర్పంచ్‌ను చంపించిండు. అది తప్పు. ఇన్‌ఫార్మరే అయినా తప్పే. ఆయన ఇంటామె దగ్గరికి మనలో ఒక్కడు పోలే."

సభ అంతా లేచింది. "దిగుండ్రి సార్!" అని అరుపులు. ఒకడు మైకు లాక్కోబోయాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. జీవితమంతా సంపాదించుకున్న గౌరవం ఆ నిమిషంలో మట్టిలో కలిసేటట్టుంది. సార్ మాత్రం మైకు వదల్లేదు.

అప్పుడు తల్లి లేచింది.

"ఆగుండ్రి బిడ్డా. నా కొడుకు తప్పు ఎవల నోట వినాలె నేను? పోలీసోళ్ల నోటనా? సార్ చెప్తే వింట. చెప్పుండ్రి సార్."

అందరూ కూర్చున్నారు. సార్ ఏమీ దాచకుండా చెప్పారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని చివరిదాకా విన్నది.

ఆ వారమే సార్, ఆ తల్లి ఇద్దరూ బస్సెక్కి ఆ సర్పంచ్ ఊరికి పోయివచ్చారని తర్వాత తెలిసింది. అక్కడేమైందని ఎప్పుడడిగినా "అది నీకు చెప్పే ముచ్చట గాదు, పో" అని సార్ కసిరేవారు. అంత గుండెధైర్యం ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం సార్ ఇంటి ముందు ఆటో ఆగింది. వాడి తల్లి దిగి, లోపలికి చెయ్యి అందించి ఇంకో ముసలామెను దింపింది. ఎవరమ్మా అని అడిగాను.

"ఆ సర్పంచ్ ఇంటామె, బిడ్డా. సార్ పోయిండని ఫోన్ జేసిన. నన్ను గూడ తోల్కపో అన్నది."

ఇద్దరూ గేటు దగ్గర చెప్పులు విడిచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సార్ దగ్గరికి నడిచారు.