సుభద్ర నిమ్మచెట్టుకు పోసిన నీళ్ళు

తెనాలి గంగానమ్మపేటలో అమ్మాజీ పేరెత్తితే చాలు, డెబ్భైల్లో కూడా జనం నోట ఒకటే మాట వచ్చేది. సవతి నాటిన చెట్టుని చంపిన మనిషి అనేవాళ్ళు. చంపిందంటే గొడ్డలి పెట్టి నరికిందనుకునేరు, అదేం కాదు. నీళ్ళు పోసి చంపింది. చెట్టుకు నీళ్ళు పొయ్యడం నేరమెలా అయిందని అడిగినవాడు మాత్రం ఆ వీధిలో ఒక్కడూ లేడు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు?

అమ్మాజీ పుట్టింది బాపట్లలో, ఊరికి సముద్రం వైపున. అంతా ఇసక నేల. పొద్దున పోసిన నీళ్ళకు మధ్యాహ్నానికి జాడ ఉండదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు మొక్క మొదట్లో లోతుగా పాదు తీసి, పూటపూటా దాన్ని నింపుతారు. చేద మళ్ళీ నూతిలోకి దిగేలోపే ఇసక ఆ నీళ్ళు తాగేస్తుంది. వానాకాలంలోనైనా రెండు రోజులు ఎండ కాసిందంటే మళ్ళీ పొయ్యాల్సిందే. అమ్మాజీ పరికిణీ కట్టిన నాటి నుంచీ ఈ పని చేసింది. ఆమె నాటిన బెండ గానీ వంగ గానీ ఎండిపోయిందన్న మాట లేదు. దాని హస్తవాసి మంచిదని వాళ్ళమ్మ నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ హస్తవాసి పెళ్ళికి మాత్రం పనికిరాలేదు. జాతకం కుదరలేదని కొన్నేళ్ళు, తండ్రి పోయాడని కొన్నేళ్ళు గడిచిపోయి, చివరికి అరవై నాలుగు వేసవిలో తెనాలి కోర్టు గుమాస్తా కామేశ్వరరావుకు రెండో పెళ్ళాంగా వెళ్ళింది. మొదటి భార్య సుభద్ర ఏడాది కిందట టైఫాయిడ్‌తో పోయింది. కూతురు లలితకు తొమ్మిదేళ్ళు.

లలిత పెంకిపిల్ల కాదు. పెట్టింది తినేది, జడ వేస్తానంటే వచ్చి వీపు తిప్పి కూర్చునేది. మాట్లాడేది కాదు, అంతే. తలనూనె అయిపోతే ఆ సంగతి తండ్రికి చెప్పేది, అమ్మాజీ పక్కనే నిలబడి ఉన్నా సరే. "పిన్నీ అని పిలవమ్మా" అని కామేశ్వరరావు బతిమాలితే తల దించుకునేది. అమ్మ అని పిలవమని అమ్మాజీ ఏనాడూ ఆశించలేదు. సుభద్ర స్థానం సుభద్రదే. పిన్నీ అని ఒక్కసారి నోరారా పిలిస్తే చాలనుకుంది. ఆ పిల్ల పిలుపు కోసం అంతగా మొహం వాచిపోతానని పెళ్ళికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేసేది.

ఆ ఇంట్లో లలిత తనంతట తాను దగ్గరకు వెళ్ళేది ఒక్క నిమ్మచెట్టుకే. అది సుభద్ర నాటిన చెట్టు. బడి నుంచి రాగానే పుస్తకాలు అరుగు మీద పడేసి దాని కింద కూర్చునేది. అది చూసిన అమ్మాజీకి ఒక ఆలోచన తోచింది. ఈ చెట్టుని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటే పిల్ల మనసు తిరగదా అని. పాపం, అందులో తప్పేముంది చెప్పండి? చేతనైన పని చేసే కదా ఎవరైనా మెప్పు సంపాదించుకునేది.

కానీ తెనాలిది నల్లరేగడి. వేసవికి పెరడంతా నెర్రెలిచ్చి, చెయ్యి దూర్చితే మణికట్టు దాకా దిగేది. నేల అలా పగలడం అమ్మాజీ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎంత దాహంగా ఉందో తల్లీ అనుకుని కొంగు బిగించింది. చెట్టు మొదట్లో మోకాలెత్తున మట్టి ఎగదోసి ఉంటే, ఎవరో ఏదో తవ్వి వదిలేసిన దిబ్బ అనుకుంది. గునపం తెచ్చి దాన్నంతా లాగేసి, మొదలు బయటపడేలా, బాపట్లలో తీసినట్టే లోతుగా పాదు తీసింది. ఆ చేత్తోనే పక్కనున్న కరివేప మొక్కకీ తీసింది.

లలిత అప్పుడు పెరటి గడప మీద కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. తలెత్తి చూసింది. పెదాలు కదిలాయి.

"ఏంటమ్మా?" అంది అమ్మాజీ, గునపం ఆపి.

లలిత పలక తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా అమ్మాజీ రెండు పూటలా నీళ్ళు తోడింది. నెర్రెలు ఎన్ని పోసినా మింగాయి. చెట్టు లేత చిగుళ్ళు వేసింది. లలిత వాటిని ముట్టుకుని చూడటం వంటింటి కిటికీలోంచి కనబడితే ఆమెకు ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. రేగడి ఒక్క మంచి వానకు నెర్రెలు పూడ్చుకుంటుంది. ఆ తర్వాత చుక్క నీరు కిందకి పోనివ్వదు. పాదులో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. అవి కాస్త ఇంకి, నాలుగు రోజులు ఎండ కాస్తే అమ్మాజీ మళ్ళీ నింపేది. దసరా నాటికి ఆకు పసుపెక్కింది. పిందెలు రాలాయి. నీళ్ళు చాలడం లేదని ఇంకో రెండు చేదలు ఎక్కువ పోసింది. మొదట్లో బెరడు చిట్లి బంక కారింది. అతి చేస్తే గతి చెడుతుందని ఊరికే అన్నారా? ఆమెకది అతి అని తెలిస్తే కదా. గోడవతల పున్నమ్మ మాత్రం తలూపుతూ, "పెంచిన తల్లి పోయాక చెట్టేం నిలుస్తుందిలే" అని వెళ్ళిపోయింది.

మాఘమాసానికి నిమ్మచెట్టు ఎండుకట్టె అయింది. లలిత అప్పుడూ దాని కిందే కూర్చునేది. అమ్మాజీ నూతి గట్టు దగ్గర నిలబడి ఆ పిల్లను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

మనవరాల్ని చూసుకుపోదామని ఆ నెలలోనే రేపల్లె నుంచి సుభద్ర తల్లి శేషారత్నం వచ్చింది. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, చెట్టుని చూసి చెంబు కింద పెట్టేసింది.

"ఏంటమ్మా ఇది? నీళ్ళు పోసేవాళ్ళే లేకపోయారా?"

"పోశానండి. రోజూ రెండు పూటలా పోశాను" అంది అమ్మాజీ.

"రోజూనా? రేగడిలో నిమ్మకి రోజూ నీళ్ళేంటి? మా సుభద్ర మొదట్లో మట్టి ఎగదోసి, అక్కడ చెమ్మే తగలనిచ్చేది కాదు. వేసవిలో వారానికోసారి, అదీ కొమ్మల చివళ్ళ కింద గాడి తీసి అందులో పోసేది. నెర్రెలిస్తే పైమట్టి గుల్లచేసి ఊక కప్పేది. వానలు మొదలైతే చేద ముట్టేది కాదు, నీళ్ళు నిలవకుండా బయటికి బోదె తీసేది. చలికాలంలో ఆకు వాడితేనే పోసేది. లలితకి ఇదంతా తెలుసు. చెంబు పట్టుకుని వాళ్ళమ్మ వెనకే తిరిగేది."

అందరూ లలిత వైపు చూశారు. కామేశ్వరరావు ఎప్పుడూ కూతురి మీద గొంతు పెంచి ఎరగడు. అప్పుడూ పెంచలేదు.

"నీకు తెలుసా? ఇన్ని నెలలుగా నీ కళ్ళ ముందే పోస్తుంటే చెప్పలేదేంటమ్మా?"

అమ్మాజీకి దిబ్బ తవ్విన రోజు కళ్ళ ముందు మెదిలింది. పిల్ల చెప్పబోయింది. చెప్పాలంటే ముందు పిలవాలి. ఆ ఒక్క పిలుపు పెదాలు దాటక ఆగిపోయింది. ఆ రోజు చెప్పనిది మర్నాడు చెప్పడం ఇంకా కష్టమై ఉంటుంది. ఆమెకు కోపం రాలేదంటే అబద్ధం. తాడు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు భగ్గుమన్నాయి. చెట్టు ఎండిపోతోందని తను కుమిలిపోతుంటే ఈ పిల్ల నోరు కుట్టేసుకుని కూర్చుందే అనిపించింది. అంతలో లలిత గడ్డం వణకడం కనిపించింది. తన తల్లి చెట్టుని తానే పోగొట్టానని ఆ తొమ్మిదేళ్ళ ప్రాణానికి తెలుసు. కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

"చెప్పిందండి. నేనే వినిపించుకోలేదు" అంది అమ్మాజీ.



"అయితే తెలిసే పోశావన్నమాట" అంది శేషారత్నం. అరవలేదు, తిట్టలేదు. "లలితా, బట్టలు సర్దుకో. సాయంత్రం బండికి పోదాం. అల్లుడుగారూ, మీరు కాదనకండి."

కామేశ్వరరావు కాదనలేదు. అమ్మాజీ వైపు చూడనూ లేదు. సాయంత్రం దాకా బోలెడు వ్యవధి ఉంది. అన్న మాట వెనక్కి తీసుకుంటే పిల్ల ఇంట్లోనే ఉండేదేమో, తన పరువూ నిలిచేదేమో. ఆమె వంట చేసి, అందరికీ వడ్డించి, అంట్లు పట్టుకుని పెరట్లోకి పోయింది.

వీధిలో రిక్షా ఆగిన చప్పుడయ్యాక లలిత ఇంటి పక్క సందులోంచి నూతి దగ్గరికి వచ్చింది.

"పిన్నీ."

అమ్మాజీ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"కరివేప మొక్కకి కూడా పాదు తీశావు. పూడ్చెయ్యి. మొదట్లో మట్టి ఎగదొయ్యి."

అమ్మాజీ తడిచెయ్యి చాపేలోపే వీధిలోంచి శేషారత్నం పిలిచింది. పిల్ల పరిగెత్తింది.

లలిత రేపల్లెలోనే చదివి, డెబ్భై నాలుగులో అక్కణ్ణుంచే అత్తవారింటికి వెళ్ళింది. ఆ పిలుపు అమ్మాజీ చెవిన మళ్ళీ పడలేదు.

ఆ సాయంత్రం రిక్షా మలుపు తిరిగాక కామేశ్వరరావు పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"పిల్ల పెరట్లోకొచ్చిందే, ఏమంది?"

"ఏం లేదండి. వెళ్ళొస్తానంది."