ప్లాట్ల ప్రకటనలో అమ్మ గొంతు

ఆదిభట్లకు పెద్ద పెద్ద కంపెనీలు వస్తాయన్న కబురు ఇంకా కబురుగానే ఉన్న రోజులవి. మా ఇబ్రహీంపట్నంలో ఎవరిని కదిలించినా గజాల్లోనే మాట్లాడేవారు. నిన్నటిదాకా జొన్న వేసిన చేలల్లో తెల్లరాళ్లు మొలిచాయి. మా అక్క భర్త, అంటే మా బావ కూడా ఉన్నదంతా ఊడ్చి ఒక ప్లాట్ల వెంచర్ వేశాడు. నేనేమో డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని, నా గొంతు రేడియోకు పనికొస్తుందని గట్టిగా నమ్ముతూ ఇంట్లో కూర్చున్నాను (ఈ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు). ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పే ప్రకటన నేనే చదువుతానని బావను బతిమాలాను. "సరే చెయ్. మంచిగొస్తే ఇగ అన్నీ నీతోనే చెప్పిస్త. లేకుంటే రేపటి సంది సైటు కాడ రాళ్లకు సున్నమెయ్యాలె," అన్నాడు.

టెంట్‌హౌస్ అన్న దగ్గర పెళ్లిళ్ల మైకు తెచ్చాను. దాని పిన్ను చిటికెనవేలంత లావు. మా ఇంట్లో కంప్యూటర్ వెనక సౌండ్ కార్డు రంధ్రంలో అగ్గిపుల్ల దూరితే గొప్ప. మధ్యలో తగిలించే కన్వర్టర్ పిన్ను కోసం కోఠీ దాకా బస్సులో వెళ్లొచ్చాను. తెచ్చి, ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చి, ఒక పూటంతా గొంతు చించుకున్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు. అది స్పీకర్లదని, మైకుది గులాబీ రంగుదని తెలిశాక కాస్త వినబడింది, బావిలోంచి పిలిచినట్టు. వెతగ్గా వెతగ్గా స్క్రీన్ మీద మైక్ బూస్ట్ అనే గడి కనబడింది. టిక్కు పెట్టగానే నా గొంతు గంభీరంగా పలికింది (అది నా ఒక్కడి గొంతునే పెంచదన్న సంగతి నాకెవరు చెప్పాలి?). ప్రకటన మొత్తం చదివేసి, మొదటి వాక్యం మాత్రం మళ్లీ మళ్లీ విని మురిసిపోయి, సీడీ చేసి ఆటో డ్రైవరుకిచ్చాను.

మర్నాడు నా గొంతు నేనే వినడానికి బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాను. ఆటో వచ్చింది. "రండి, సొంత ఇంటి కల నిజం చేసుకోండి" అని నేను. నేను ఊపిరి తీసుకున్న సందులో కుక్కరు విజిల్. ఆ వెనకే, వంటింట్లో అక్కతో మా అమ్మ: "గాడ బోరేస్తే దుమ్ము దప్ప నీళ్లు రాలే గదనే. మీ ఆయనకు జర చెప్పు. కొన్నోళ్లు ఏం తాగి బతుకుతరు?" హోటలంతా నవ్వింది. ఒక పెద్దాయన ఆటోను ఆపి, "గా అమ్మ మాట ఇంకొకసారి ఎయ్," అన్నాడు. నేను చాయ్ వదిలేసి వెనక సందులోంచి ఇంటికి నడిచాను.

సాయంత్రం బావ వచ్చాడు. సున్నం డబ్బా నా ముందు పెట్టాడు. అమ్మ దగ్గర కూర్చుని, "అత్తమ్మా, ఇజ్జత్ పోయింది," అన్నాడు. "నీళ్లు పడితే దానంతటదే వస్తది," అంది అమ్మ. మరో మూల మళ్లీ బోరు వేయించాడు. ఈసారి నీళ్లు పడ్డాయి. కొత్త ప్రకటనకు అమ్మనే పిలిస్తే, "తాగి చూడకుండ నేనెట్ల చెప్త?" అంది. సైటుకు పోయి దోసిలి పట్టి తాగి, వచ్చి మైకు ముందు నిలబడింది. "నీళ్లు పడ్డయ్. నేను తాగిన. మంచిగున్నయ్." అంతే. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాయి. వచ్చినవాళ్లంతా ఆ అమ్మ ఎవరని అడిగారు గానీ, ముందు చదివిన పిలగాడెవరని ఒక్కరూ అడగలేదు.

రేడియో దాకా పోలేదు గానీ, ఇప్పుడు ప్రకటనలు చదవడమే నా బతుకుతెరువు. గది గోడలకు స్పాంజి, ముందు ఖరీదైన మైకు. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. పనయ్యాక అప్పుడప్పుడు ఆ మొదటి సీడీ పెట్టుకుంటాను. ఆ పిలగాడు కల, నిజం అంటూ గొంతు బరువు చేస్తుంటే నవ్వొస్తుంది. అతన్ని కాస్త ముందుకు జరిపేసి, కుక్కరు విజిల్ దగ్గర నుంచి వింటాను.