తలుపు మీద ఇంటూ గుర్తు

నంద్యాలలో మా ఇంటి తలుపు మీద నిన్న పోలియోవాళ్లు, మా పాపకు చుక్కలు వేసిన గుర్తుగా, సుద్దముక్కతో 'పి' అని రాశారు. చూడగానే తల దించుకున్నాను.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో, పోలియో చుక్కలు వేయడానికి ఆశా అక్క వస్తే అవ్వ తమ్ముణ్ణి లోపల దాచేసింది.

"చుక్కలేస్తే జరమొస్తాది, పోమ్మా."

"రేపు వేరేవాళ్లొస్తారు, ఆలోచించవ్వా," అంటూ అక్క, చుక్కలు వేయలేదని తెలిసేలా తలుపు మీద ఇంటూ గుర్తు పెట్టింది.

బడిలో తప్పు లెక్కకు పెట్టే గుర్తు అది. ఊరంతా నవ్వుతుందని తుడిచేసి, పక్కింటి తలుపు మీదున్నట్టే 'పి' రాశాను.

మరునాడు వచ్చినవాళ్లు ఆ అక్షరం చూసి ఆగకుండా వెళ్లిపోయారు. అమ్మ నచ్చజెప్పడంతో మెత్తబడిన అవ్వ, తమ్ముడికి తల దువ్వి లోపల ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది.

"ఇంగా రాలేదేందే పాపా?"

నేను గడప దాటి, తలుపు మీది 'పి'కి వీపు ఆనించి నిలబడ్డాను.

తమ్ముడికేమీ కాలేదు. ఇప్పటికీ వాడు పరుగెత్తితే నా చూపు ముందు వాడి కాళ్ల మీదికే పోతుంది.