నాన్నకి జోడీ దొరకని ఏడాది

ఇవాళ షాపులో గానుగ నువ్వుల నూనె వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. మా నాన్న వస్తాదు. ఏటా ఎండాకాలంలో పెడన దగ్గర మన ఊళ్లో కుస్తీ పోటీలు జరిగేవి, గుర్తున్నాయా ఫ్రెండ్స్? ఏ సంఘమూ లేదు, ఊరివాళ్లే జరిపేవారు. గోదాలో ఎర్రమట్టి పోసి, నూనె, మజ్జిగ కలిపి మెత్తగా తొక్కేవారు. మనమూ మడమల దాకా దిగబడుతూ తొక్కాం కదా!

మొదట్లో గుడివాడ నుంచి, మొవ్వ నుంచి వస్తాదులు వచ్చేవారు. ఏటేటా తగ్గిపోయారు. నేను ఆరో తరగతి చదివే ఏడు నాన్న ఒక్కడే గోదాలోకి దిగాడు. నాన్నతో తలపడే జోడీ కోసం మైకులో మూడుసార్లు పిలిచారు. నాన్న తొడ చరిచి చుట్టూ చూశాడు. ఎవరూ లేవలేదు.

"మీరే గెలిచినట్టండీ, వస్తాదు గారూ" అంటూ ఊరిపెద్ద శాలువా కప్పాడు.

"ఒక్క పట్టైనా పట్టకుండా ఎలాగండీ?" అన్నాడు నాన్న. అప్పటికే జనం లేచి వెళ్లిపోతున్నారు.

ఇంటి దగ్గర అమ్మ, ఎప్పటిలా ఆయన వీపు మీది మట్టి రుద్ది కడగడానికి వేడినీళ్లు తోడి పెట్టింది.

"గెలిచారా?" అంది.

నాన్న శాలువా తీసి దండెం మీద వేశాడు.

"ఎవరూ రాలేదే" అన్నాడు.